స్వగ్రంథపరిష్కరణము

గ్రంథకర్త తన తప్పును దాను గానఁడు. మనసెఱిఁగిన పదమునే కన్ను చదువును. నేను వ్రాసిన యొక సంధిపాఠమున ‘కాదు’ అను మాట జాఱిపోఁగా, బాలురు నిషేధమును విధిగా వల్లించిరి. నాఁటినుండి యీ విషయమున నాకు శ్రద్ధ కలిగినది.

ఇందులకుఁ దగిన నిదర్శన మొకటి మనకు సమీపముననే కలదు. కొల్లేటికి దక్షిణముననున్న మచిలీపట్టణమున 1824వ సంవత్సర ప్రాంతమున బ్రౌనుదొర వేమన పద్యములను సంస్కరింపఁ బూనెను. ఆయన యొక్క ప్రతినే నమ్మక, పెక్కు ప్రతులఁ దెప్పించి, పండితుల సాయమునఁ బాఠభేదములను బోల్చి చూచెను. 1829లో 693 పద్యములతో నచ్చైన యా గ్రంథముతోఁ దృప్తి నొందక, మరలఁ బరిష్కరించి 1839లో 1164 పద్యములతోఁ బ్రకటించెను. తన గ్రంథమునే పరుల ప్రతివలె శంకించుట యిందు మనము నేర్వవలసినది.

కావున వ్రాఁతప్రతిని గొన్నినాళ్లు దాఁచి, పిదపఁ జూడవలెను. ఒకరు మూలమును బిగ్గరగాఁ జదువుచుండఁగా, వేఱొకరు ప్రూఫును జూడవలెను. వేదమునకుఁ బదపాఠమువలె, సంధులను విడఁదీసి చదివినచో లోపము తెలియును. అరసున్నలను శకటరేఫములను నొకసారి, సంవత్సరములను నామములను నొకసారి, వేఱువేఱుగాఁ బరిశీలింపవలెను. దిద్దినచోటనే క్రొత్త తప్పు పుట్టును; ఆ పంక్తిని మరలఁ జదువవలెను. తప్పు మనదైనను దానిని మోయువాఁడు విద్యార్థి.