పురిటి మంచం మీద తండ్రి

మన ఎరుకల వాళ్ల గురించి బయటివాళ్లు రాసిన పాత పుస్తకాల్లో ఒక ఆచారం తరచూ కనిపిస్తుంది. భార్య ప్రసవిస్తే భర్త బాలింతలా పడుకోవడం. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పనిచేసిన పాదరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దిలో దీన్ని రాశారు. నొప్పులు మొదలయ్యాయని తెలియగానే భర్త ఆమె బట్టలు కట్టుకొని, నుదుట బొట్టు పెట్టుకొని, చిన్న దీపమున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పడుకునేవాడు. పుట్టిన బిడ్డకు స్నానం చేయించి అతని పక్కన ఉంచేవారు. ఇంగువ, బెల్లం తల్లికి కాక అతనికే పెట్టేవారు. పురుడు తీరేదాకా అతను మంచం దిగేవాడు కాదు. థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన ఏడు సంపుటాల్లోనూ ఈ ఆచారం చోటు చేసుకుంది.

దీన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. కొరవది బిడ్డను కంటే కొరవడు కాయం తిన్నాడని మన పొరుగు తమిళంలో సామెతే ఉంది. కానీ ఇది మనకొక్కరికే ఉన్న వింత కాదు. దక్షిణ అమెరికా తెగల్లోనూ ఉంది. మానవశాస్త్రంలో దీని పేరు 'కువాడ్'. తండ్రి తిండి, నడవడి బిడ్డకు తగులుతాయన్న నమ్మకం దీనికి మూలమని టైలర్ 1865లోనే వివరించారు. అంటే బిడ్డ బాగోగుల్లో తండ్రికీ పూచీ ఉందని మన పెద్దలు నమ్మారు. అలాంటి మనమీదే 1911 చట్టం 'నేరస్థ తెగ' అన్న ముద్ర వేసింది. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది.

అయితే ఆచారాన్ని పొగడటంతో ఆగిపోకూడదు. ఆ రాతల నిండా తండ్రే ఉన్నాడు. కని అలసిన తల్లికి దక్కవలసిన కాయం కూడా అతనికే పోయింది. పూచీ అన్న భావం మంచిదే, విశ్రాంతి మాత్రం మనిషి మారింది.

ఇప్పుడు దాన్ని సరిదిద్దుకోవచ్చు. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలి. ఆ 42 రోజులూ బాలింత గంపలల్లే పనికో, కూలికో పోకుండా చూడటం, నీళ్లు మోయడం, వండి పెట్టడం తండ్రి పని. తల్లికి రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

యువతీ యువకులారా, మీ అవ్వలను అడగండి. పురిట్లో వాళ్లకు ఏం పెట్టారో, ఎన్నాళ్లకు పనికి లేచారో రాసి పెట్టండి. పాదరీలు రాయని ఆ సగం చరిత్రను మనమే రాయాలి.