తొడ గాయానికి పక్కనున్న కండే కప్పు

సోదరులారా, గమ్హరియాలో ఫ్యాక్టరీలున్న చోట బతుకుతున్నాం గనక ప్రెస్సు కింద నలిగిన కాళ్ళు మనకు కొత్త కాదు. ఫౌజులో మైన్లు, స్ప్లింటర్లు సరేసరి. తొడ మాంసం ఊడి ఎముక బయటపడితే దాన్ని దేంతో మూస్తారు? ఈ విద్యకి మన దేశంలోనే పాత చరిత్ర ఉంది. అందులో మొదట చెప్పుకోవలసినవాడు ఒక సైనిక బండివాడు.

పేరు కావస్‌జీ. ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో ఎడ్లు తోలేవాడు, అంటే ఇప్పటి మన ఏ.ఎస్.సి. లెక్క. 1792 నాటి యుద్ధంలో టిప్పు సుల్తాను మనుషులకు చిక్కితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. ఏడాది తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి ముక్కు కట్టాడు. మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని పరిచి నుదుటిమీద గీత గీసి, ఆ మేరకు చర్మం ఒలిచాడు. కనుబొమ్మల మధ్య మాత్రం తెంపలేదు. చర్మాన్ని అక్కడే తిప్పి కిందికి దించి అతికించాడు. కుట్లు లేవు, కాచుతో అంటించాడు. సుమారు 25 రోజులకి కాడ తెంపాడు. ఇదంతా 1794 అక్టోబరులో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివి కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో ఒక సైనికాధికారికి ఇదే ఆపరేషన్ చేశాడు. ఆ ఇటుకలాయన పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు!

మల్లె అంటు తొక్కడం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొమ్మ వేరు పట్టేదాకా తల్లిచెట్టు నుంచి తెంపం. ఫ్లాప్ అంటే అదే, తన రక్తం తను తెచ్చుకుంటుంది. స్కిన్ గ్రాఫ్ట్ నారు నాటడం లాంటిది. కింద తడి ఉంటేనే బతుకుతుంది, పైపొర ఊడిన ఎముకమీద పట్టదు.

మొదటి ప్రపంచయుద్ధంలో గిల్లీస్ 1917లో చర్మాన్ని గొట్టంలా చుట్టి కాడగా వాడాడు. ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టర్ ఎన్.హెచ్. ఆంటియా బొంబాయి జె.జె. ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం పెట్టారు. ఫ్లాప్ వెడల్పుగా ఉంటేనే పొడవు బతుకుతుందని అప్పటిదాకా నమ్మేవారు. 1970లో మిల్టన్ పందులమీద చూసి, వెడల్పు కాదు, లోపలున్న రక్తనాళమే ముఖ్యమని తేల్చాడు.

ఆ తర్వాతే తొడకి మంచిరోజులొచ్చాయి. 1972లో ఆర్టికోచియా తొడ లోపలివైపు గ్రాసిలిస్ కండని పై చర్మంతో సహా వాడాడు. 1978లో నహాయి బృందం తొడ బయటివైపు టెన్సర్ ఫేషియా లేటా ఫ్లాప్‌ని వివరించింది. తుంటి ఎముక ముందు మొనకి సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్ల కింద దాని రక్తనాళం కండలోకి దిగుతుంది. దాన్ని కాపాడుకుంటూ కండని వెనక్కి తిప్పితే తుంటిమీది పుండు మూసుకుపోతుంది. 1984లో చైనావారు తొడ ముందు-బయటి భాగం ఫ్లాప్‌ని ప్రచురించారు.

ఇది మనకెందుకంటే, వెన్నుపూస దెబ్బతిన్న జవాన్లకి స్పర్శ ఉండదు, తుంటిమీద ఒత్తిడి పుండ్లు పడతాయి. చీము ఎముకదాకా పోతే ప్రాణానికే ముప్పు. ఫ్లాప్ వేసినా, పక్క మార్చకుండా పడుకోబెడితే మళ్ళీ పుండవుతుంది. ఈ సంగతి సర్జన్‌కన్నా ఇంట్లోవాళ్ళకి ఎక్కువ తెలియాలి.

“ఆ కండ తీసేస్తే నడక పోదా?” అని మనవాళ్ళు అడుగుతారు. మామూలుగా పోదు. గ్రాసిలిస్ చేసే పని పక్క కండలు చేస్తాయి, టెన్సర్ విషయమూ దాదాపు అంతే. తొడమీద మచ్చ మాత్రం పెద్దదే మిగులుతుంది.