మనిషికి ఎంత కావాలి?

ఈ భూమి మీద ఒక్కొక్కరు ఎంత వాడుకుంటే అందరికీ సరిపోతుందన్నది ఇప్పుడు ప్రపంచమంతటా నడుస్తున్న చర్చ. మన ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని మిత్రులు కోరినప్పుడు ఈ విషయమే తోచింది. సర్వీసంతా డి.ఏ. బకాయిల లెక్కలతో గడిపినవాళ్ళం. మనం కరువు భత్యం అనే మాటలోనే కరువు ఉంది. మనిషికి ఎంత కావాలో మన ప్రాంతంలో ప్రభుత్వం లెక్కగట్టింది కూడా కరువులోనే.

1876లో, ధాత నామ సంవత్సరంలో, మద్రాసు రాజధానిలో వానలు లేవు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. దాన్నే పెద్దలు ధాత కరువు అన్నారు. లక్షలాది మంది కరువు పనుల్లో చేరారు. ఖర్చు మితిమీరుతోందని వైస్రాయి లిట్టన్ 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి ఎందరినో బతికించింది ఈ టెంపులే. అందుకు మెప్పు రాలేదు సరికదా, దుబారా చేశాడన్న నింద పడింది. ఆ నింద తుడుచుకోవాలనుకున్నాడేమో, ఈసారి రోజు కూలి ఒక పౌను ధాన్యానికి సరిపోతే చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా రాళ్ళు కొట్టి, మట్టి మోసే మనిషికి అది!

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది ఎంతమాత్రం చాలదని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోగా జరగవలసిన నష్టం జరిగింది. ఆ కరువులో మొత్తం యాభై లక్షల మందికి పైగా పోయారని అంచనా. అదే 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ విందుల్లో మనిషికి ఎన్ని పౌన్లని ఎవరూ లెక్క అడగలేదు.

రెండవ లెక్క మనకు దగ్గరిది. కూనూరు పోషకాహార పరిశోధనశాలకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ ఎక్రాయిడ్ బెంగాలు కరువు విచారణ సంఘంలో సభ్యుడు కూడా. ఆయన చెప్పిన ఆహార ప్రమాణాల ఆధారంగా 1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి సూత్రం కట్టింది. పెద్దవారికి రోజుకు 2,700 కాలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె విడిగా, వంటచెరకు, దీపం వగైరాలకు 20 శాతం. కుటుంబమంటే మూడు యూనిట్లు: ఉద్యోగి ఒకటి, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. అందరికీ వడ్డించి చివర తినే మనిషిని 0.8 అన్న లెక్క నాకెప్పుడూ మింగుడుపడలేదు. ముసలి తల్లిదండ్రులకైతే సున్నా కూడా వేయలేదు. ఆ మాత్రం దాన్ని కూడా రెండవ వేతన సంఘం పూర్తిగా ఒప్పుకోలేదు. 2016 నుంచి అమలైన ఏడవ కేంద్ర వేతన సంఘం కనీస వేతనం 18,000 రూపాయలు మాత్రం ఈ సూత్రం మీద కట్టిందే.

ఇవన్నీ ఇంతకు తగ్గితే మనిషి బతకడని చెప్పే లెక్కలు. ఇంతకు మించితే భూమి తట్టుకోదని చెప్పే లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. 1972లో ‘లిమిట్స్ టు గ్రోత్’ అనే నివేదిక ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. 1990లలో కెనడాలో విలియం రీస్, ఆయన శిష్యుడు వాకర్‌నాగెల్ కలిసి దాన్ని రైతుకు కూడా అర్థమయ్యే కొలతలోకి దించారు. ఒక మనిషి తిండికి, బట్టకు, కలపకు, అతను వదిలే పొగను పీల్చుకునే అడవికి కలిపి ఎంత నేల కావాలి? దానికి పర్యావరణ పాదముద్ర అని పేరు. ప్రపంచంలో పనికివచ్చే నేలను, నీటిని తలా ఇంత అని పంచితే రమారమి మూడున్నర ఎకరాలు వస్తాయి. సగటు భారతీయుడు మూడెకరాలకు కాస్త అటూఇటూగా వాడుతున్నాడు. సగటు అమెరికన్ వాడేది పద్ధెనిమిది ఎకరాల దాకా ఉంటుంది. ప్రపంచమంతా కలిసి ఒక భూమి ఇవ్వగలిగిన దానికి ఒకటిన్నర రెట్లు మించి ఖర్చు చేస్తోందని లెక్క. లోటు బడ్జెట్టన్నమాట.

ఈ కొలతలో సగానికి పైగా పొగ లెక్కే కాబట్టి దీన్ని తప్పుపట్టే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. సగటు అన్న మాట కూడా మోసం చేస్తుంది. హైదరాబాదులో గదికో ఏ.సి. ఉన్న ఇల్లూ, పాడేరు కొండల్లోని గుడిసె ఇల్లూ ఒకే మూడెకరాల కింద జమ అవుతాయి. అయినా ఒక సంగతి కాదనలేం. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మన పిల్లవాడు ఇక్కడ విమానం ఎక్కి అక్కడ దిగి స్థిరపడేసరికి మూడెకరాల మనిషి పద్ధెనిమిదెకరాల మనిషవుతాడు. వాడి ఆకలి పెరగలేదు. వెచ్చబెట్టే పెద్ద ఇల్లు, పాల ప్యాకెట్టుకు కూడా కారు తీయవలసిన రోడ్లు వాడిని అలా చేస్తాయి. అందుకని వాడిని ఒక్కణ్ణే నిందించడం నాకు న్యాయంగా తోచదు.

2020లో కొందరు పరిశోధకులు ఈ రెండు రకాల లెక్కలనూ కలిపి చూశారు. మంచి సాంకేతిక పరిజ్ఞానం వాడి, అనవసరపు వాడకం మానుకుంటే 2050లో ఉండబోయే జనాభా అంతటికీ 1960లలో ప్రపంచం వాడినంత ఇంధనంతోనే మర్యాదగల జీవితం సాధ్యమని తేల్చారు. అప్పటి జనాభాకు ఇది మూడు రెట్లు. తలకు ఏడాదికి అన్ని అవసరాలకూ కలిపి సుమారు 4,200 కరెంటు యూనిట్లతో సమానమైన ఇంధనం. అందులో వైద్యం, చదువు, ఫ్రిజ్, ఫోను, ఇంటికో కంప్యూటరు ఉన్నాయి. రోజుకు మనిషికి 50 లీటర్ల నీళ్ళు. ఏడాదికి నాలుగు కిలోల కొత్త బట్టలు. నలుగురున్న ఇంటికి సుమారు 650 చదరపు అడుగులు.

ఆ అంకె చూడగానే మన పాత క్వార్టర్లు గుర్తొచ్చాయి. మాది అంతకంటే చిన్నది. ఎక్రాయిడ్ సూత్రంలో చోటు లేని మా అమ్మానాన్నలతో కలిపి అందులో ఏడుగురం ఉండేవాళ్ళం.