నడిచే సైనికుడు, పరిగెత్తే సైనికుడు: హేలో ఆటలో ఒక పాత తగువు

2025 అక్టోబర్‌లో ఒక పాత వీడియో గేమ్‌ని మళ్ళీ కొత్తగా తయారుచేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఆట పేరు హేలో. 2001లో వచ్చిన మొదటి భాగాన్ని, కథ వరకే, అన్‌రియల్ ఇంజిన్ 5 మీద తిరిగి కట్టి 2026లో విడుదల చేస్తారట. ఇన్నేళ్ళూ ఎక్స్‌బాక్స్ గుర్తుగా నిలబడిన ఆట మొదటిసారి సోనీ ప్లేస్టేషన్ మీదకి కూడా వెళ్తోంది. ఇంత పెద్ద వార్త వస్తే మాలాంటి పాత ఆటగాళ్ళు దేని గురించి కొట్టుకున్నారో తెలుసా? ఒక బటన్ గురించి. అది నొక్కితే సైనికుడు పరిగెడతాడు. 2001లో అతనికి పరుగు రాదు. ఇష్టం లేకపోతే సెట్టింగుల్లో పరుగుని ఆపేసుకోవచ్చని తయారీదారులు చెప్పారు. అయినా తగువు తెగలేదు.

బయటివాళ్ళకి ఇది చిల్లర గొడవ. పదిహేనేళ్ళుగా నేను మాత్రం ఇందులో "పాత పద్ధతే కావాలి" అనే పక్షాన ఉన్నాను. ఆ మాటతో నేను అసలు ఏం అడుగుతున్నానో నిదానంగా ఆలోచించింది ఈమధ్యే.

ముందు ఆ "పాత పద్ధతి" సంగతి చూద్దాం. ఇవాళ మేం క్లాసిక్ అంటున్న హేలో మొదట్లో ఆ రూపంలో లేదు. షికాగోలో పుట్టిన బంగీ అనే చిన్న కంపెనీ ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లకి ఆటలు రాసి పేరు తెచ్చుకుంది. వాళ్ళు హేలో మొదలుపెట్టినప్పుడు అది పైనుంచి చూస్తూ సైన్యాలని నడిపే వ్యూహాల ఆట. 1999 జులైలో న్యూయార్క్ మ్యాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ దాన్ని లోకానికి చూపించేనాటికి, సైనికుణ్ణి వెనకనుంచి చూస్తూ ఆడే ఆటగా మారింది. 2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్ బంగీని కొనేసింది. 2001 నవంబర్ 15న మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటు విడుదలయ్యేసరికి, సైనికుడి కళ్ళలోంచి లోకాన్ని చూసే ఆట అయింది. ముందుగా తమకే వస్తుందనుకున్న మ్యాక్ వాళ్ళు 2003 చివరిదాకా ఆగాల్సివచ్చింది. అంటే హేలో విడుదల కాకముందే "మా ఆటని పాడుచేశారు" అనడానికి కొందరికి కారణం దొరికిందన్నమాట.

2004లో రెండో హేలో వచ్చింది. మొదటి ఆటలో అందరూ ప్రాణంగా చూసుకున్న పిస్టల్‌ని నీరుగార్చింది. ఎత్తునుంచి దూకితే తగిలే దెబ్బని తీసేసింది. రెండు చేతుల్లో రెండు తుపాకులు పెట్టింది. అప్పుడూ గొడవే. ఆ గొడవ చేసినవాళ్ళకి క్లాసిక్ అంటే మొదటిది. 2007లో వచ్చిన మూడోదానితో పెరిగినవాళ్ళకి క్లాసిక్ అంటే మూడోది. ఎవరి పద్నాలుగో ఏడు ఎక్కడుంటే వాళ్ళ క్లాసిక్ అక్కడుంటుంది.

ఇదంతా వట్టి జ్ఞాపకాల మోజు అని కొట్టిపారేయడం తేలిక. చాలామంది అదే చేస్తారు. కానీ ఈ మూడు ఆటల్లోనూ మారని సంగతి ఒకటుంది.

నేను హేలోని మొదట ఆడింది ఎక్స్‌బాక్స్ మీద కాదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎక్స్‌బాక్స్ ఎవడి దగ్గరుంటుంది? 2003లో పీసీ మీదకి వచ్చిన హేలోకి ఉచిత ట్రయల్ ఒకటి ఉండేది. దాన్లో ఒక దీవి మీద జరిగే కథాభాగం ఒకటి, పదిమందీ కలిసి ఆడుకోడానికి బ్లడ్ గల్చ్ అనే ఒకే ఒక్క మ్యాప్. పెన్‌డ్రైవ్‌లో గది నుంచి గదికి పాకింది. హాస్టల్ ల్యాన్ మీద రాజ్యం కౌంటర్ స్ట్రైక్‌దే. అందులో విసుగొచ్చిన రాత్రులు హేలోవి.

బ్లడ్ గల్చ్ అంటే కొండల మధ్య ఒక లోయ. ఆ చివర ఒక జట్టు స్థావరం, ఈ చివర ఇంకో జట్టు స్థావరం. సైనికుడికి పరుగు రాదు కాబట్టి ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచి వెళ్ళేవాడు దార్లోనే స్నైపర్‌కి దొరికిపోతాడు. అందుకని జీపు కావాలి. జీపులో ఒకడు నడపాలి, ఒకడు వెనక మెషీన్ గన్ పట్టుకోవాలి, ఇంకొకడు పక్కన కూర్చోవచ్చు. ఒక్కడే జీపేసుకుని పోతే వెనక తుపాకీ ఖాళీ. ఒంటరిగా పోయేవాడు చస్తాడు. కాబట్టి జీపు స్టార్ట్ చేసినవాడు ఆగి చూస్తాడు, ఎవరైనా వస్తున్నారేమోనని. కారిడార్‌లోంచి "ఆగరా, నేనొస్తున్నా" అని కేక వినిపిస్తుంది. ఆ ఆగడం ఏ రూల్ బుక్కులోనూ లేదు. ఆ లోయ పొడవూ, ఆ సైనికుడి నడక వేగమూ కలిసి దాన్ని పుట్టించాయి.

మిగతావీ అలాంటివే. ఆట మొదట్లో అందరి చేతుల్లోనూ ఒకే రకం తుపాకులు. బలమైన ఆయుధాలన్నీ నేలమీద, అందరికీ తెలిసిన చోట్ల పడి ఉంటాయి. ఒకడు తీసుకుంటే ఇంత సమయానికి మళ్ళీ అక్కడే పుడతాయి. రాకెట్ లాంచర్ ఎప్పుడు పుడుతుందో నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఆ క్షణానికి ఇద్దరం అక్కడికే వస్తాం. అక్కడే తేలుతుంది. కాల్చడం, గ్రెనేడ్ విసరడం, దగ్గరికొస్తే గుద్దడం, ఈ మూడూ నడుస్తూనే ఎప్పుడైనా చేయొచ్చు. ఏ పనికీ ఇంకో పని అడ్డు రాదు.

ఇక పరుగు. 2007లో కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ వచ్చి ఈ రకం ఆటల వ్యాకరణాన్నే మార్చేసింది. పరుగు, గురిచూసే అద్దం, ఆడేకొద్దీ ఎవరికి వారు సంపాదించుకునే తుపాకులు. కొత్త కుర్రాళ్ళ బొటనవేళ్ళు వాటికి అలవాటుపడ్డాయి. అలాంటివాడు హేలో పట్టుకుని పరుగు బటన్ నొక్కితే ఏమీ జరగకపోతే, కంట్రోలర్ పాడైందనుకుంటాడు. తయారీదారుల ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. 2010లో హేలో రీచ్ పరుగుని ఒక ప్రత్యేక శక్తిగా, ఎంచుకున్నవాళ్ళకి మాత్రమే ఇచ్చింది. అప్పటికి బంగీ వెళ్ళిపోవడానికి సిద్ధమైంది. పగ్గాలు మైక్రోసాఫ్ట్ సొంత సంస్థ 343 ఇండస్ట్రీస్ చేతికి వచ్చాయి. 2012లో హేలో 4 పరుగుని అందరికీ ఇచ్చేసింది. దాంతోపాటు ఎవరి ఆయుధాలు వాళ్ళే ఎంచుకుని ఆటలోకి దిగొచ్చు. బాగా ఆడితే ఆకాశంలోంచి నీ ఒక్కడి కోసం బహుమతి ఆయుధం దిగుతుంది.

ఒక్క బటనే కదా అంటారు. దాని వెనక ఏం జరుగుతుందో చూడండి. పరిగెత్తాలంటే తుపాకీ దించాలి. కదలడం, పోరాడడం రెండు వేరు పనులైపోయాయి. ఓడిపోతున్నవాడు మూల తిరిగి పారిపోగలడు, కాసేపాగితే అతని షీల్డ్ మళ్ళీ నిండుతుంది. వాణ్ణి పట్టుకోవాలంటే గెలుస్తున్నవాడూ తుపాకీ దించి వెంటపడాలి. అందరూ పరిగెడితే మ్యాప్ ఇరుకైపోతుంది. కనక మ్యాప్‌ని సాగదీయాలి. సాగదీసిన మ్యాప్‌లో నడిస్తే విసుగు. కనక పరుగు తప్పనిసరి. మా వృత్తిలో ఇలాంటి ముడిని డిపెండెన్సీ అంటాం. ఒక లైను పీకితే ఇరవై చోట్ల కూలుతుంది. 2015లో హేలో 5 పరిగెత్తుతున్నంతసేపూ షీల్డ్ నిండకుండా చేసింది. ఒక ఫీచర్ తెచ్చిన బగ్‌కి ఇంకో ఫీచర్‌తో మాటు వేయడమన్నమాట. అది మేమూ రోజూ చేసే పనే కాబట్టి నవ్వలేను.

చిన్నప్పుడు వీధి క్రికెట్‌లో ఎదురింటి గోడ దాటితే ఔట్. ఎందుకంటే సందు అంతే ఉంది. ఆ రూల్‌ని స్టేడియానికి తీసుకెళ్తే నవ్వుతారు. స్టేడియం రూల్‌తో సందులో ఆడితే కిటికీలు పగులుతాయి. చోటూ రూలూ కలిసి పుడతాయి. అందుకే "పరుగు తీసేయండి చాలు" అనేది ఎంత సరైన కోరికో అంత అమాయకమైన కోరిక.

ఆ కోరిక ఒకసారి దాదాపుగా తీరింది కూడా. 2021 నవంబర్ 15న, మొదటి హేలోకి సరిగ్గా ఇరవయ్యేళ్ళు నిండిన రోజున, హేలో ఇన్ఫినిట్ మల్టీప్లేయర్ ఉచితంగా వచ్చింది. అందరికీ ఒకే తుపాకులు. ఆయుధాలు, పరికరాలు మళ్ళీ నేలమీద. పరుగు ఉంది కానీ నడకకీ దానికీ పెద్ద తేడా లేదు. మేం పదేళ్ళుగా అడిగిన జాబితా పక్కన పెట్టుకుని తయారుచేసినట్టే ఉంది. మొదటి వారం ఆఫీసు పని అయ్యాక తెల్లవారుజాము దాకా ఆడాను. రెండు నెలలకి మానేశాను.

ఎందుకు మానేశానో చాలాకాలం నాకే తెలియలేదు. తిట్టడానికి బయట కారణాలు బోలెడు. మొదటి సీజన్ 2022 మే దాకా సాగింది. ఆటగాళ్ళే మ్యాపులు కట్టుకునే ఫోర్జ్, స్నేహితులతో కలిసి కథ ఆడే సదుపాయం ఏడాది ఆలస్యంగా వచ్చాయి. ఒకే టీవీ ముందు కూర్చుని ఇద్దరు కథ ఆడుకునే ఏర్పాటునైతే పూర్తిగా రద్దు చేశారు. కానీ నన్ను నిజంగా బయటికి నెట్టింది ఇంకా చిన్న సంగతి. ఆట అయిపోగానే అందరూ చెదిరిపోతారు. రెండో హేలోలో, మూడో హేలోలో ఆట అయ్యాక ఆ గుంపంతా ఒకే లాబీలో మిగిలేది. ఓడినవాళ్ళు సాకులు చెప్పేవాళ్ళు, గెలిచినవాళ్ళు ఏడిపించేవాళ్ళు, మళ్ళీ ఇంకో ఆట. ఇన్ఫినిట్‌లో ఆయుధాలు నేలమీదకి తిరిగొచ్చాయి. మనుషులు మాత్రం ఎవరి మెనూలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. జీపు దగ్గర ఆగి చూసేవాడు లేడు, ఎందుకంటే ఇవతలివాడు రేపు ఎదురుపడడని ఇద్దరికీ తెలుసు.

అలాగని స్నేహితులే ముఖ్యం, ఆట ఏదైనా ఒకటే అని తేల్చేయను. అది కూడా అబద్ధమే. ఆ స్నేహాలని ఆ రూల్సే పుట్టించాయి. రూల్ అనేది అక్కడున్నవాళ్ళందరూ కలిసి ఒప్పుకున్న ఒప్పందం. ఒంటరిగా ఆడే కథలో పరుగుని నా ఇష్టంకొద్దీ ఆపుకోవచ్చు. పదిమందితో ఆడేటప్పుడు నా ఒక్కడి సెట్టింగ్ అనేది ఉండదు. ఆ ఒప్పందం బతకాలంటే అది జరిగిన చోటు తెరిచి ఉండాలి.

ఇక్కడే నాకు 2010 ఏప్రిల్ గుర్తొస్తుంది. ఆ నెల 15న మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్‌కి ఆన్‌లైన్ సేవ ఆపేసింది. దాంతో రెండో హేలో ఆన్‌లైన్ ఆట పోవాలి. కానీ అప్పటికే ఆటలో ఉన్నవాళ్ళు కన్సోల్ ఆపనంతకాలం కనెక్షన్ తెగలేదు. కొద్దిమంది పట్టుబట్టి కూర్చున్నారు. ఒకడి కన్సోల్ వేడెక్కి ఆగిపోయింది, ఇంకొకడి ఇంటర్నెట్ తెగింది, అలా ఒక్కొక్కరే రాలిపోయారు. చివరి మనిషి మే రెండో వారం దాకా నిలిచాడు. బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి దారి లేదు. వాళ్ళు కొత్త ఆటని ఏమీ అడగలేదు. ఉన్నదాంట్లో ఉండనిమ్మన్నారు, అంతే.

టీ20 వచ్చినప్పుడు టెస్ట్ క్రికెట్‌ని ఎవరూ మూసేయలేదు. అందుకే ఐపీఎల్ చూస్తూ "దీన్ని ఐదు రోజుల ఆటగా మార్చండి" అని ఎవరూ అడగరు. టెస్ట్ కావాలంటే టెస్ట్ ఉంది. వీడియో గేముల్లో మాత్రం టీ20 మొదలైన రోజున టెస్ట్ గ్రౌండుకి తాళం పడుతుంది. ఆ తాళం ముందు నిలబడ్డవాళ్ళు కొత్త గ్రౌండుకెళ్ళి "దీన్ని పాతదిలా చేయండి" అని అరుస్తారు. నా పదిహేనేళ్ళ అరుపు అదే.

డూమ్‌ని చూడండి. 1993 నాటి ఆ ఆట సోర్స్ కోడ్‌ని 1997లోనే బయటపెట్టారు. ఇవాళ్టికీ దానికి కొత్త లెవెళ్ళు కడుతూనే ఉన్నారు. దాని సృష్టికర్తల్లో ఒకడైన జాన్ రొమెరో కూడా 2019లో మళ్ళీ తొమ్మిది లెవెళ్ళు కట్టాడు. కొత్త డూమ్ ఆటలు ఎటు పోయినా పాతది అందరి చేతుల్లో భద్రంగా ఉంది. హేలోకి పాత ఆటలన్నీ ఒకచోట చేర్చిన సంపుటం 2014లో వచ్చింది. వచ్చాక వారాల తరబడి ఆన్‌లైన్ ఆట సరిగ్గా కలిసేది కాదు. 2018కి గానీ పెద్ద మరమ్మతు జరగలేదు. ఇప్పుడు బాగానే ఉంది. కానీ గ్రౌండు తెరిచేలోపు జనం చాలావరకు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

కాబట్టి హేలో పాత పద్ధతికి తిరిగి రావాలా అంటే, నా జవాబు ఇప్పుడు మారింది. కొత్త హేలో ఎలా ఉండాలో కొత్తవాళ్ళని నిర్ణయించుకోనివ్వండి. వాళ్ళ పద్నాలుగో ఏడు వాళ్ళది. పరిగెత్తాలనుకుంటే పరిగెత్తనీ. పాతదాని తలుపు మాత్రం మూయకండి. ఇది మేం దబాయించి అడగదగ్గ కోరిక.

2014లో గేమ్‌స్పై అనే సేవ మూతపడ్డప్పుడు పీసీ హేలో కూడా పోవాల్సింది. సమయానికి ఒక ప్యాచ్ వచ్చింది. పైగా ఆ ఆటకి ఎవరైనా తన కంప్యూటర్ మీదే సర్వర్ నడుపుకోవచ్చు. అందుకని బతికిపోయింది. మొన్నొక ఆదివారం మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. సర్వర్ల జాబితాలో ఇంకా జనం ఉన్నారు. బ్లడ్ గల్చ్‌లో పుట్టగానే అలవాటుకొద్దీ స్థావరం బయటికి నడిచాను. జీపు స్టార్ట్ చేసి ఉంది. నడిపేవాడెవరో, ఏ దేశంవాడో తెలియదు. నేను వెనక తుపాకీ దగ్గరికి ఎక్కేదాకా ఆగాడు.