బాకీల చిట్టాలో తాతల జాడ

తెలుగునాట చాలా కుటుంబాల్లో రెండో ప్రపంచ యుద్ధం ఒక్క మాటగా మిగిలింది: తాత మిలట్రీలో చేశాడు. ఏ పటాలంలో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్కడ, ఏం పని చేశాడని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూడా జవాబు ఉండదు. మహా అయితే బర్మా అంటారు. ఇప్పుడు మనవల తరానికి ఆ సంగతి తేల్చుకోవాలన్న కోరిక పుట్టింది. వాళ్లు మొట్టమొదట చేసే పని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పట్టికలో తాత పేరు వెతకడం. పేరు కనబడదు. దాంతో కాగితాలే లేవనో, తాత చెప్పింది ఉత్త కథనో తీర్పు చెప్పేసుకుంటారు. కానీ ఆ పట్టిక యుద్ధంలో పోయినవాళ్లది. రెండో యుద్ధంలో భారత సైన్యంలో పనిచేసినవాళ్లు సుమారు 25 లక్షలు. పోయినవాళ్లు కమిషన్ లెక్కలో దాదాపు 87 వేలు. నూటికి మూడో నాలుగో. మిగతావాళ్లు ఇంటికొచ్చి, వ్యవసాయంలోనో రైల్వేలోనో పడి, ముసలివాళ్లై మంచం మీద పోయారు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. అలాగని వాళ్ల జాడ పూర్తిగా చెరిగిపోలేదు. సైన్యం దృష్టిలో సిపాయి ఒక ఖాతా. జీతం, ఇంటికి పంపే వాటా, గాయానికి పరిహారం, పింఛను, పతకం: ఇవ్వాల్సింది ఏదో ఒకటి ఉన్నంతకాలం అతని కాగితం భద్రంగా ఉంది. బాకీ తీరాక కాగితానికి కాలం చెల్లింది. కనుక తాత కోసం వెతికేవాడు యుద్ధాల వెంట పోవడం కన్నా డబ్బు వెంట పోవడం మేలని నా వాదన.

దీనికి గట్టి సాక్ష్యం సైన్యం కాగితాల నిబంధనల్లోనే ఉంది. చేరిన ప్రతి మనిషికీ షీట్ రోల్ అని ఒకటి ఉంటుంది. అతని ఊరు, కులం, తండ్రి పేరు, వారసులు, బదిలీలు, శిక్షలు, సెలవులు అన్నీ అందులో ఎక్కుతాయి. చరిత్ర రాసేవాడికి అంతకన్నా విలువైన కాగితం లేదు. పింఛను లేకుండా బయటికొచ్చినవాడి షీట్ రోల్‌ను 25 ఏళ్లు ఉంచి ధ్వంసం చేయాలని నిబంధన. యుద్ధం కోసం చేర్చుకున్న లక్షల మందిని 1945 తర్వాత రెండు మూడేళ్లలో ఇంటికి పంపించారు. వాళ్లలో అత్యధికులకు పింఛనుకు సరిపడా సర్వీసు లేదు. అంటే 1970ల మొదట్లోనే ఆ కాగితాలకు గడువు తీరిపోయింది. మిగిలేది లాంగ్ రోల్. నంబరు, పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, విడుదలకు కారణం వంటి నాలుగు ముక్కలతో ఒక వరుస. అది శాశ్వతంగా ఉంచాల్సిన రిజిస్టరు. పాత సైనికులు పింఛను కోసం కోర్టుకెక్కిన కేసుల్లో ప్రభుత్వం తరచూ ఇచ్చే జవాబు ఇదే: షీట్ రోల్ పోయింది, లాంగ్ రోల్ ఉంది. ఇవ్వాల్సింది లేని మనిషికి సైన్యం అట్టిపెట్టింది ఒక్క వరుస. పింఛనుదారుకు మాత్రం ఫైలు మిగిలింది. దొరల సంగతి వేరు. బ్రిటిష్ ఆఫీసర్ల సర్వీసు కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో కూర్చుని చదువుకోవచ్చు. సిపాయి కాగితం సముద్రం దాటలేదు. అది అతని దళం రికార్డు ఆఫీసులోనే ఉండిపోయింది.

అందుకే మొదట తేలాల్సిన ప్రశ్న ఏ దళం అన్నది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. తాత అనగానే తుపాకీ పట్టి కందకంలో నిలబడ్డ మనిషి కళ్లముందు కడతాడు. మద్రాసు ప్రెసిడెన్సీ సైనిక చరిత్ర అలా సాగలేదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని నమ్మినవాడు. అతనిలాంటివాళ్లు బలపరచిన యుద్ధ జాతుల సిద్ధాంతం కారణంగా తెలుగు, తమిళ పటాలాలు ఒక్కొక్కటిగా పోయాయి. మొదటి యుద్ధం తర్వాత మిగిలిన 3వ మద్రాస్ రెజిమెంట్‌ను 1920ల చివరికి మూసేశారు. మద్రాస్ పయొనీర్లను 1933లో రద్దు చేశారు. మిగిలింది బెంగళూరులోని మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ అనే ఇంజనీరింగ్ దళం. రెండో యుద్ధంలో మనుషులు చాలక సర్కారు ఆ సిద్ధాంతాన్ని పక్కనపెట్టింది. మద్రాస్ రెజిమెంట్ మళ్లీ లేచింది. పంజాబ్ తర్వాత ఎక్కువమందిని ఇచ్చిన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీయే అయింది. అయితే ఆ మనుషులు ఎక్కువగా వెళ్లింది కాలిబలంలోకి కాదు. శాపర్లు, సరుకు రవాణా చేసే సర్వీస్ కోర్, పయొనీర్ కంపెనీలు, ఆర్డ్‌నెన్స్, సిగ్నల్స్, 1943లో పుట్టిన మెడికల్ కోర్, అదే ఏడాది వచ్చిన ఎలక్ట్రికల్ మెకానికల్ ఇంజనీర్లు. కాస్త ఇంగ్లీషు వచ్చినవాడు గుమస్తా అయ్యాడు, వడ్రంగి శాపర్ అయ్యాడు, లారీ తోలడం నేర్చినవాడు సర్వీస్ కోర్‌లో పడ్డాడు. తాత లారీ నడిపాడని తెలిస్తే కొందరు మనవలు నిరుత్సాహపడతారు. అది అర్థం లేని నిరుత్సాహం. ఇంఫాల్ నుంచి చింద్విన్ నది దాకా బాటలు తవ్వినవాళ్లూ, బురదలో లారీలు లాగినవాళ్లూ లేకపోతే బర్మాలో 14వ సైన్యం ఒక్క అడుగు ముందుకు వేసేది కాదు. ఇక ఆచరణకొస్తే, మద్రాస్ రెజిమెంట్ రికార్డులు నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో, శాపర్లవీ పయొనీర్లవీ దక్షిణ సర్వీస్ కోర్‌వీ బెంగళూరులో, ఆర్డ్‌నెన్స్, ఎలక్ట్రికల్ మెకానికల్ ఇంజనీర్ల రికార్డులు సికింద్రాబాద్‌లో, మెడికల్ కోర్‌వి లక్నోలో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, ఫిరంగి దళానివి నాసిక్‌లో ఉంటాయి. దళం తెలియకుండా రాసిన ఉత్తరం ఎక్కడికీ చేరదు.

కాగితాలనే పట్టుకుంటే ఇంటి జ్ఞాపకానికి విలువ లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. మనిషి ఎందుకు చేరాడో, తిరిగొచ్చాక రాత్రుళ్లు ఎందుకు లేచి కూర్చునేవాడో ఏ రికార్డు ఆఫీసూ చెప్పదు. కానీ ఏ దళం, ఏ ఊరు అన్న విషయంలో మాత్రం జ్ఞాపకం పదేపదే పక్కదారి పట్టిస్తుంది. ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ తాత రంగం (రంగూన్) నుంచి కాలినడకన వచ్చాడన్న మాట విన్న వెంటనే దాన్ని యుద్ధ సేవగా రాసుకోకూడదు. రంగంలో మిల్లుల్లో, రేవుల్లో పనిచేసిన తెలుగువాళ్లు వేలకు వేలు. 1942లో జపాను సైన్యం ముంచుకొస్తుంటే బర్మా వదిలిన లక్షల మంది భారతీయుల్లో వాళ్లూ ఉన్నారు. అది కూలివాళ్ల ప్రవాహం, సైన్యం ఉపసంహరణ కాదు, రెండూ ఒకే అడవి దారుల్లో సాగినా. ఇంకో చిక్కు హైదరాబాద్ రెజిమెంట్. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు పేరులోనే హైదరాబాద్ ఉంది. రెండో యుద్ధం నాటికి అందులో ఉన్నవాళ్లు ఎక్కువగా కుమావూన్ కొండలవాళ్లు, జాట్లు, అహిర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు. తెలంగాణ తాత హైదరాబాద్ ఫౌజులో చేశాడంటే అది నిజాం సొంత దళాల్లో అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ దళాల్లో ఒకటైన ఒకటో హైదరాబాద్ ఇన్ఫంట్రీ 1941 డిసెంబరులో జపానువాళ్లు మలయాలో దిగిన కోట బారులో విమానాశ్రయం కాపలాకు ఉంది. నిజాం దళాల కాగితాలు వెల్లింగ్టన్‌లోనో బెంగళూరులోనో దొరకవు. నిజాం పాలన కాగితాలు ఉన్నది తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో. ఉర్దూ చదవగలగాలి, తేదీ నిజాం కాలపు ఫస్లీ లెక్కలో ఉంటే మార్చుకోగలగాలి: 1351 ఫస్లీ అంటే 1941 అక్టోబరు నుంచి ఏడాది.

రెండో అభ్యంతరం బలమైనది. సైన్యం బాకీలే గుర్తుపెట్టుకుంటే, ఇన్ని స్మారకాలు ఎందుకు కట్టారు? రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి దొరకని 27 వేల మంది పేర్లున్నాయి. హిందూ, సిక్కు సిపాయిలను దహనం చేశారు గనుక ఇంఫాల్‌లో వాళ్లకు వేరే స్మారకం ఉంది, 868 పేర్లతో. తాత యుద్ధంలోనే పోయి ఉంటే వీటంత మేలు చేసేది లేదు: కమిషన్ పట్టికలో చాలాచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. వైజాగపటం, కిస్ట్నా, కడప్పా, ఎల్లోర్, బెజవాడ అనే నాటి రాతల్లో వెతకాలి, అంతే. అయితే స్మారకాలు కూడా హోదాను బట్టే గౌరవించాయి. మొదటి యుద్ధంలో మెసపటేమియాలో పోయినవాళ్లకు బస్రాలో కట్టిన స్మారకం మీద ఆఫీసర్ల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలను పటాలం పేరు కింద ఇంతమంది అని అంకెగా మాత్రమే వేశారు. 2021లో ఆ కమిషనే తన నివేదికలో ఈ వివక్షను ఒప్పుకుంది: కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించనే లేదని. రాతి మీద పేరు లేనందువల్ల మనిషి అక్కడ లేడని అనుకోకూడదని ఇంతకన్నా ఏం చెప్పాలి? దీనికి పక్కనే పంజాబ్‌ను పెట్టి చూడండి. మొదటి యుద్ధం ముగిశాక అక్కడి ప్రభుత్వం ఊరువారీగా రాయించిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు ఉండి, 2021 నుంచి బయటి పాఠకులకు అందుతున్నాయి. దాదాపు 3,20,000 మంది వివరాలు, బతికొచ్చినవాళ్లతో సహా. మన దగ్గర తాడేపల్లిగూడెం వైపు మిలటరీ మాధవరం లాంటి ఊరికి ఊరంతా కలిసి నిలుపుకున్న జ్ఞాపకం ఉంది. తక్కిన తెలుగు ఊళ్లకు ఆ అదృష్టం కూడా లేదు.

ఆజాద్ హింద్ ఫౌజు సంగతి నా వాదనను కాదంటుందా? 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక ఖైదీలైన భారతీయ సిపాయిల్లో వేలమంది ఆ ఫౌజులో చేరారు. యుద్ధం ముగిశాక ప్రశ్నించి, తెల్ల, బూడిద, నల్ల అని మూడు రకాలుగా విడదీశారు. నల్ల రకంలో పడ్డవాళ్లను సర్వీసు నుంచి తీసేశారు, రావాల్సిన జీతం జప్తు చేశారు. బాకీని ఒప్పుకోని సర్కారు ఆ మనిషిని తన ఖాతాలోంచే కొట్టేసింది. మళ్లీ అతని జాడ బలంగా కనబడేది 1972 ఆగస్టు 15 తర్వాత, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలో. పింఛను కోరినవాడు తానెక్కడ చేరాడో, ఏ శిబిరంలో ఉన్నాడో రాసి, రుజువు పెట్టాలి. కొత్త ప్రభుత్వం కొత్త బాకీ ఒప్పుకుంది గనుక కొత్త కాగితం పుట్టింది. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆజాద్ హింద్ ఫైళ్లున్నాయి, నిజమే. కానీ ఒక మామూలు సిపాయి గురించి వాటికన్నా అతని పింఛను దరఖాస్తే ఎక్కువ చెబుతుంది.

తెల్లవాడి కోసం పనిచేసినవాణ్ణి ఇంతగా వెతకడం దేనికని అడిగేవాళ్లూ ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా. ఆ మధ్యలో రిక్రూటింగ్ ఆఫీసు ముందు నిలబడ్డ కుర్రవాడికి నెలజీతం ముఖ్యం అయి ఉండవచ్చు, ఊళ్లో కులం గొడవ తప్పించుకోవడం అయి ఉండవచ్చు. వెతకడం అంటే మెచ్చుకోవడం కాదు. 25 లక్షల మంది జీవితాలను తిప్పేసిన సంఘటనను రాజభక్తి, దేశద్రోహం అనే రెండు గదుల్లో సర్దేయడం సోమరితనం.

ఇక వెతుకులాట ఇంట్లోనే మొదలవుతుంది. డిశ్చార్జ్ పుస్తకం దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే పతకం అంచు చూడాలి. రెండో యుద్ధం పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు వేయకుండానే ఇచ్చారు, భారతీయులకు ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, పేరు, దళం కొట్టారు. వెతికేవాళ్ల పాలిట ఇది వింతైన ఉపకారం. మనియార్డరు కూపన్లు, మాజీ సైనికుల కోటాలో వచ్చిన భూమి పట్టా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రెండో యుద్ధం నాటి సైనికులకు, వాళ్ల వితంతువులకు నెలనెలా ఇచ్చే సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నంబరు దొరుకుతుంది. అమ్మమ్మ ఆ సాయం అందుకుందా అని అడగండి, తాత ఏ యుద్ధం చేశాడని అడిగేముందు. నంబరు చేతికొచ్చాక వారసుడిగా రుజువు జతచేసి రికార్డు ఆఫీసుకు రాయండి, జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది గుమస్తా ఇష్టం, కనుక రెండు రకాలుగానూ, తండ్రి పేరు కలిపి రాయండి. షీట్ రోల్ లేదని జవాబొస్తే అక్కడితో ఆగకుండా లాంగ్ రోల్‌లోని వరుసకు నకలు అడగండి. ఆ వరుసలో యూనిట్ తెలిస్తే లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ యూనిట్ యుద్ధ దినచర్య (వార్ డైరీ) కోసం వెతకవచ్చు. ఆగ్నేయాసియా దళాలవి డబ్ల్యూ.ఓ. 172 వరుసలో, మధ్యప్రాచ్యానివి 169లో ఉన్నాయి. వాటిలో తాత పేరు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ కంపెనీ ఏ తేదీన ఏ ఊళ్లో ఉందో, ఆ రోజు ఏ వంతెన కట్టిందో, ఏ సరుకు మోసిందో మాత్రం ఉంటుంది.