మార్లవాయి బడి, మన అడవి: పట్టా, పలక ఒకేసారి వచ్చిన రోజులు



2025 మే 30న 49వ నంబరు జీవో వచ్చింది గదా. కవ్వాల్ నుంచి తాడోబా దాకా పులి తిరిగే దారి అని, మన జిల్లా అడవిలో దాదాపు 1,490 చదరపు కిలోమీటర్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. జూలైలో జిల్లా బంద్ అయ్యింది, ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. రద్దు కాలేదు, నిలిపివేతే. అప్పుడు మన గ్రూపులో పులి కావాలా, మనిషి కావాలా అని రాత్రిళ్లు కొట్లాట నడిచింది. గోలేటి దిక్కు గూడేల నుంచి వచ్చి ఒకే హాస్టల్ రూంలో ఉంటున్న మేము నలుగురం కూడా అందులో ఉన్నాం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే.

కొట్లాట చల్లారినంక మాకు ఒక ప్రశ్న మిగిలింది. అడవి నిలవాలె, పిల్లలు చదవాలె, కడుపు నిండాలె. ఈ మూడూ ఒక్కసారి చూసిన కాలం మనకు ఎప్పుడన్న ఉండెనా? పెద్దలను అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు జంగ్లాత్ కథ. నిజాం సర్కారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేస్తూ గీతలు గీసింది. గీత లోపల పడ్డ గోండు ఊర్లు, కొండల మీది కొలాం పల్లెలు ఖాళీ చేయాలన్నది. పోడు కొట్టినా తప్పు, మేక మేపినా తప్పు, నాగలికి కర్ర తెచ్చినా తప్పు. జంగ్లాతోడు వస్తున్నడంటే గూడెం గుండెల్లో రాయి పడేది. భూమికి కాగితం లేదు, కాగితం ఉన్నా చదివేటోడు లేడు. ఈ బాధలోంచే కుమ్రం భీం లేచిండు. 1940లో జోడేఘాట్ కొండల మీద పోలీసు కాల్పుల్లో భీం, ఆయన తోటివాళ్లు ప్రాణాలిచ్చారు. ఇది మనందరికీ తెలుసు, ఏటా ఆశ్వయుజ పున్నమికి పోతనే ఉన్నాం.

మనం తక్కువ మాట్లాడుకునేది ఆ తర్వాత జరిగినదాని గురించి. 1941లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయికి వచ్చి మనోళ్ల మధ్య ఉన్నారు. మనోళ్లు ఎందుకు తిరగబడ్డారో సర్కారుకు రాసిచ్చారు. భూమి పోవడం, అడవి మూసేయడం, అప్పు, కింది ఉద్యోగుల వసూళ్లు, ఇవే కారణాలని చెప్పారు. నిజాం సర్కారులో రెవెన్యూ చూస్తున్న గ్రిగ్సన్ ఆ మాట విన్నారు. అంతకుముందు బస్తర్‌లో పనిచేసిన ఆయనకు గోండుల సంగతి తెలుసు.

1943లో మార్లవాయిలో చదువు పథకం మొదలైంది. మొదటి చిక్కే పెద్దది. గోండీ వచ్చిన పంతులు ఒక్కడూ లేడు. బయటి పంతులును తెస్తే ఆయన మాట పిల్లలకు తెలియదు, అడవి ఊరిలో ఆయన ఉండడు. అందుకని మరాఠీ అక్షరాలు కొంచెం తెలిసిన గోండు యువకులను ఏరి, వాళ్లకే శిక్షణ ఇచ్చారు. పుస్తకాలు గోండీ మాటల్లో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. పిల్లలు ముందు ఇంటి భాషలో చదివారు, బయటి భాష తర్వాత వచ్చింది. సేతు మాధవరావు పగడి లాంటి అధికారులు గోండీ నేర్చుకుని మన మధ్య పనిచేశారు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. మార్లవాయిలో చదివినోళ్లు కొందరు పంతుళ్లు అయ్యారు, కొందరు పట్వారీలు, కొందరు ఫారెస్టు గార్డులు అయ్యారు. ఏ బట్టలను చూస్తే గూడెం భయపడేదో ఆ బట్టల్లో మన పిలగాడే వచ్చిండు. పహాణీలో ఏం రాసిందో చదివేటోడు మన ఇంట్లోనే తయారైండు. అదే కాలంలో వేల మంది గిరిజనులకు సాగులో ఉన్న భూమికి పట్టాలిచ్చారు. రిజర్వు గీతలను కొన్ని ఊర్ల చుట్టూ జరిపి, అడవి నడుమ ఆ ఊర్లు నిలిచేటట్టు చేశారు. 1946లో గిరిజన ప్రాంతాలకు వేరే చట్టం వచ్చింది. రిజర్వు అడవి రిజర్వుగానే ఉంది, ఊరు ఊరుగా ఉంది. బడి ఒక్కటే వచ్చి భూమి రాకుంటే చదివినోడు ఊరు విడిచేటోడు. భూమి ఒక్కటే వచ్చి చదువు రాకుంటే ఆ కాగితం సాహుకారి పెట్టెలో చేరేది.

ఎక్కువ కాలం నిలవలేదు. 1948 తర్వాత గోండీ పుస్తకాలు పక్కకు పోయాయి, బడి బయటి భాషలోకి మారింది. బయటోళ్ల వలస పెరిగింది, పట్టా భూములు చేతులు మారాయి. 1 ఆఫ్ 70 చట్టం వచ్చింది గానీ అమలు కోసం మళ్లీ రోడ్డెక్కవలసి వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ తూటాలే సమాధానమయ్యాయి. బెట్టీ 1987 జనవరి 11న చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఇప్పటికీ ఆ రోజున మనోళ్లు అక్కడ కలుస్తారు.

బడి భాష మారితే ఏమైతదో పుస్తకం చూసి చెప్పనక్కర్లేదు. మాలో ఒకడు ఒకటో తరగతిలో దాహమై ‘ఏర్, ఏర్’ అన్నడు. మన మాటలో నీళ్లు. సారుకు తెలుగు ‘ఏరు’ వినపడ్డది. ‘ఏరు ఇక్కడెక్కడుందిరా’ అని నవ్విండు, తరగతంతా నవ్వింది. వాడు రెండు నెలలు బడికి పోలేదు. ఇయ్యాల డిగ్రీ చదువుతున్నడు గానీ అట్ల ఆగిపోయినోళ్లు గూడానికి ఎందరున్నరో మీరే లెక్కపెట్టండి.

ఇంక గోలేటి మాట. సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు ఇదే కేంద్రం. ఒకటి దాచకుండా చెప్తాం. మా నాయనలల్ల ఇద్దరు ఓసీలో కాంట్రాక్టు పని చేస్తరు. మా ఫీజు బొగ్గులోంచే వస్తది. బ్లాస్టింగ్‌కు గోడ పగిలినా, మర్నాడు డ్యూటీకి పోతరు. అందుకే గని ఉండొద్దని తేలిగ్గా అనలేం. ఓబీ దిబ్బల మీద మొక్కలు పెడుతున్నారు, పచ్చగా కనపడ్తది. కానీ మా అవ్వ ఇప్పపువ్వు ఏరుకునే చెట్టు కావాలంటే ఎన్నేండ్లు పట్టాలె? 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి బడులు, దవాఖానలు, నీళ్లు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలని, అడవి మళ్లీ పెంచే ఖర్చు అందులో కలపొద్దని. చదువు, బతుకు, అడవి మూడూ ఒకే వాక్యంలో ఉన్న తీర్పు అది. మనలో ఎంతమందిమి చదివాం?

ఇది మన ఒక్కరి కథ కాదు. బ్రెజిల్ అమెజాన్ అడవిలో రబ్బరు పాలు గీసుకుని బతికే కూలీలు ఉండేవాళ్లు. లెక్క రాక వ్యాపారి చేతిలో తరతరాలు మోసపోయారు. 1981లో చికో మెండిస్, ఆయన తోటివాళ్లు షాపురీ దగ్గర వాళ్లకోసం బడి పెట్టారు. వాచకం పేరు ‘పొరోంగా’, అంటే తెల్లవారకముందు అడవిలోకి పోతూ కూలీ తలకు పెట్టుకునే దీపం. గనిలోకి దిగే మా నాయనల టోపీ లైటు యాదికొచ్చింది. లెక్క నేర్చినోళ్లు సంఘం కట్టారు, చెట్టు నరకడానికి వచ్చినోళ్లకు అడ్డం నిలబడ్డారు. 1988 డిసెంబర్ 22న మెండిస్‌ను కాల్చి చంపారు. 1990లో ఆయన పేరు మీద అడవి రిజర్వు అయ్యింది. జనాన్ని వెళ్లగొట్టకుండా, వాళ్లు అందులోనే ఉండి బతికే రిజర్వు.

అంత దూరం కూడా పోవద్దు. గడ్చిరోలిలో మెండా లేఖా మన గోండుల ఊరే. 2009లో ఊరందరి పేరు మీద అడవి హక్కు వచ్చింది. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది. వెదురు ఎంత కొట్టాలె, ఎంత ఉంచాలె అన్నది ఊరే కూసొని తేలుస్తది.

మనకూ అదే 2006 చట్టం ఉంది. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మన ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. అవి వ్యక్తుల పట్టాలు. ఊరి అడవిని ఊరే కాపాడుకునే సామూహిక హక్కు వేరే ఉంది. గ్రామసభ సిఫారసు చేస్తే బడికో అంగన్‌వాడీకో హెక్టారులోపు అడవి భూమి ఇచ్చే వీలు కూడా అదే చట్టంలో, మూడో సెక్షన్‌లో ఉంది. జీవో మళ్లీ కదిలిన రోజు మన చేతిలో ఈ కాగితం ఉంటే మాట వేరేగా ఉంటది. మనవైపు తప్పు కూడా ఒప్పుకోవాలె. అడవి మనదే అంటూ టేకు దుంగల బండికి దారి చూపినోళ్లు మన గూడేల్లోనూ ఉన్నారు. హక్కు అడిగేటోళ్లం కావలి కూడా కాయాలె.

చివరగా ఒక చిన్న సంగతి. తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో మాలో ఒకడు అవ్వతో ఆకు కల్లానికి పోయిండు. అవ్వ వంద తునికాకు కట్టలు పోసింది. కార్డు చూస్తే ఎనభై ఉంది. ‘అవ్వా, ఎనభయ్యే రాసిండ్రు’ అంటే, కల్లం దగ్గరాయన పిలగాని మొఖం చూసి, మారు మాట్లాడకుండ కొట్టేసి వంద రాసిండు. అవ్వ ఇంటికొచ్చినంక అన్నది: ‘ఇన్నేండ్లు ఎన్ని పోయినయో బిడ్డా.’

దండారికి ఇండ్లకు పోతాం గదా. ఈసారి పటేల్‌తో కూసొని మూడు పనులు చేద్దాం. ఊరి హద్దులు, దేవుని చోట్లు, ఇప్ప చెట్లున్న చోట్లు రాసుకుందాం. తాతల పాత పట్టాలుంటే ఫొటో తీసి పెట్టుకుందాం. చిన్న పిల్లలకు రోజుకో గంట మన మాటలోనే అక్షరాలు చెప్దాం. నారనూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపి ఇప్పుడు ఫోన్లల్ల కూడా రాసుకునేటట్టు వచ్చింది, అదీ చూపిద్దాం. మార్లవాయి బడిలో చదివిన పెద్దలు ఎవరి ఇంట్లనన్న ఉంటే వాళ్ల మాట రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. మేము రాసిన దాంట్లో తప్పుంటే దిద్దండి.

జై సేవా.