మా మిద్దె మీద రెండు ఏరియళ్లు



మొన్న మా అబ్బాయి తిరుత్తణి ఇంటికొచ్చి, మిద్దె మీద తుప్పు పట్టిన ఇనుప గొట్టాలు చూసి, "ఇవి ఇంకా ఎందుకు నాయనా, పాత సామాన్ల వాడికి వేసేద్దాం" అన్నాడు. వేసే ముందు వాటి కథ రాసిపెడదామని కూర్చున్నాము. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండింది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అంటే మేము పుట్టింది ఆంధ్రలో, బడికి పోయింది మద్రాసు రాష్ట్రంలో. రెండూ ఒకే వీధిలో! బడిలో అంతా తమిళమే. ఇంట్లో తెలుగు మాట ఉండింది గానీ తెలుగు అక్షరం లేదు. మాకు తెలిసిన అక్షరాలు రైల్వే స్టేషన్ బోర్డుల మీదివే. పొన్పాడి దాటితే వెంకటనరసింహరాజువారిపేట. ఆ పేరు కూడబలుక్కుని చదివితే సగం అక్షరాలు వచ్చినట్టే.

1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలైంది. మేము ఉద్యోగం చేసిన తిరువళ్లూరు మద్రాసుకు నలభై కిలోమీటర్ల పైచిలుకు, తిరుత్తణి దానికి రెట్టింపు దూరం. తిరువళ్లూరులో మామూలు ఏరియల్‌కే బొమ్మ వచ్చేది. తిరుత్తణిలో పొడుగాటి గొట్టం, దానికి తోడు బూస్టర్ కావాలి. అక్కడి నుంచి టీవీ దాకా రెండు తీగల చప్పటి రిబ్బన్ వైరు. దాన్ని ఇనుప గొట్టానికి ఆనించి కడితే సిగ్నల్ పోతుందని ఎడంగా లాగేవాళ్లం. శుక్రవారం 'ఒళియుం ఒళియుం' వేళకు వీధంతా మా ఇంట్లోనే.

తిరుపతిలో రిలే కేంద్రం వచ్చాక మా నాయన రెండో ఏరియల్ కట్టించారు. మొదటిది తూర్పుకు మద్రాసు వైపు, రెండోది ఉత్తరానికి తిరుపతి వైపు. మధ్యలో నగరి కొండలు. బొమ్మ నిండా చుక్కలు, వర్షం కురిసినట్టు గుర్రుమని శబ్దం. అయినా తెలుగు వార్తలు వినబడితే మా అవ్వ తమలపాకు నమలడం ఆపి వినేది. "చుక్కలుంటే ఏమిరా, మన మాట కదా" అనేది.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కేబుల్ వచ్చాక రిబ్బన్ వైరు పోయి గుండ్రటి కోయాక్సియల్ వైరు దిగింది. తెర అడుగున పరిగెత్తే వార్తల అక్షరాలు వెంటాడి వెంటాడి, ముప్పై ఏళ్లు దాటాక మేము తెలుగు చదవడం నేర్చుకున్నాము. ఈ వ్యాసం రాస్తున్నది ఆ చదువుతోనే. తప్పులుంటే మన్నించండి.

2011 చట్ట సవరణ తర్వాత కేబుల్ దశలవారీగా డిజిటల్ అయింది. మా ఇంటికీ పెట్టె వచ్చింది. రెండు వారాలకే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి నిలిచిపోయేది. పెట్టె మార్చినా అదే తీరు. చివరికి చూస్తే తప్పు వైరుది. ఇరవై ఏళ్ల నాటి వైరు, టేపు చుట్టిన అతుకులో వాన నీళ్లు. మూడు గదులకు పంచిన స్ప్లిటర్ వల్ల ఉన్న సిగ్నల్ కూడా ముక్కలైపోయింది. అతుకు లేకుండా ఒకే ఆర్‌జీ-6 వైరు లాగి, కొనకు మంచి ఎఫ్ కనెక్టర్ బిగిస్తే సరిపోయింది. మీ ఇంట్లోనూ పెట్టెను తిట్టేముందు వైరు చూడండి.

ఇక్కడే మాకొకటి తట్టింది. పాత ప్రసారంలో సిగ్నల్ తగ్గితే చుక్కలతోనైనా బొమ్మ వచ్చేది. డిజిటల్‌లో సగం అనేది లేదు. వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే నల్ల తెర. ఈ ఎల్లలో మన తెలుగు ఇన్నాళ్లూ చుక్కలతోనే బతికింది. ఒక ఏరియల్ ఉత్తరానికి తిప్పితే చాలు, ఎంతో కొంత వచ్చేది. ఇప్పుడు ప్యాకేజీలో తెలుగు ఛానల్ టిక్కు పెట్టకపోతే ఆ ఇంట్లో తెలుగు శబ్దమే ఉండదు. మా ఇంట్లో ఆర్నెల్లు అలాగే గడిచింది. మనవరాలు "తాతా" అనడం మాని "తాత్తా" అన్న రోజు మాకు ఆ సంగతి తెలిసొచ్చింది.

అందుకే మిద్దె మీద డీడీ ఫ్రీ డిష్ పెట్టించాము. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైన సేవ ఇది. నెల నెలా కట్టేది లేదు. సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి, తమిళమూ వస్తుంది. గొడుగు అటు మద్రాసుకీ ఇటు తిరుపతికీ కాకుండా, ఆగ్నేయంగా ఆకాశంలోకి చూస్తుంది.

తూర్పు గొట్టం పాత సామాన్లలోకి పోయింది. ఉత్తరం గొట్టం మాత్రం ఉంచమన్నాము. ఇప్పుడు దానికి బట్టలారేసే తాడు కట్టారు. పరవాలేదు, అటే తిరిగి ఉంది.

మీ ఇళ్లల్లో ఏరియల్ ఎటు తిరిగి ఉండేది? గుర్తున్నవాళ్లు పిల్లలకు చెప్పండి. తెలుగులోనే చెప్పండి.